ఐడియా ఎక్కడ దొరుకుతుంది? ఒక బ్లాక్‌బోర్డు, ఒక బస్ టికెట్, ఒక కెన్యా ఫోన్ చెప్పిన కథలు

ఈ ఛానల్‌కి వచ్చే మెసేజ్‌లలో ఒక ప్రశ్న ప్రతి వారం తప్పకుండా ఉంటుంది. "అన్నా, కోడింగ్ వచ్చు, టైమ్ కూడా ఉంది, ఐడియానే లేదు. ఒక మంచి స్టార్టప్ ఐడియా చెప్పు అన్నా." ఇంకొంతమందిది దీనికి పూర్తిగా రివర్స్. "అన్నా, నా దగ్గర ఒక సూపర్ ఐడియా ఉంది. కానీ బయటికి చెప్తే ఎవరైనా కొట్టేస్తారేమో అని భయం."

ఈ ఇద్దరికీ ఈరోజు కలిపే సమాధానం చెప్తాను. కాకపోతే సలహాల రూపంలో కాదు. సలహాలు ఎవరైనా ఇస్తారు, రీల్స్ నిండా అవే. మనది హిస్టరీ ఛానల్ కాబట్టి, సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో పెద్ద పెద్ద ఐడియాలు నిజంగా ఎలా పుట్టాయో చూద్దాం. మనకు చెప్పిన కథ ఒకటి, జరిగింది ఇంకొకటి అని మీకే అర్థమవుతుంది.

ముందు ఒక అందమైన అబద్ధం

ఈబే తెలుసు కదా, ఆన్‌లైన్ వేలం సైట్. దాని పుట్టుక గురించి చాలా ఏళ్ళు ఒక క్యూట్ కథ తిరిగింది. దాన్ని మొదలుపెట్టిన పియరీ ఒమిడియార్‌కి కాబోయే భార్య పెజ్ అనే క్యాండీ డబ్బాల బొమ్మలు సేకరించేదట. తనలాంటి వాళ్ళతో వాటిని మార్చుకోవడానికి ఆమెకి దారి లేకపోతే, ఆమె కోసమే ఆయన ఈ సైట్ కట్టాడట. ప్రేమ ఉంది, బొమ్మలు ఉన్నాయి, కోడింగ్ ఉంది. సినిమా తీసేయొచ్చు.

అయితే ఆ కథ కట్టుకథ. 1997లో కంపెనీ పబ్లిసిటీ చూసే ఆవిడ, పత్రికల వాళ్ళకి నచ్చేలా దాన్ని తయారు చేశారు. ఆ సంగతి 2002లో ఒక పుస్తకం ద్వారా బయటికి వచ్చింది. మరి నిజంగా జరిగిందేంటి? 1995 సెప్టెంబర్‌లో ఒక లాంగ్ వీకెండ్‌కి ఒమిడియార్ ఇంట్లో కూర్చుని ఒక చిన్న వేలం పేజీ రాశాడు. మనుషులు మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా కొనుక్కుంటే, అమ్ముకుంటే ఎలా ఉంటుందో చూద్దామని. మొదట్లో అమ్ముడుపోయిన వస్తువు ఏంటో తెలుసా? పాడైపోయిన లేజర్ పాయింటర్. ధర 14.83 డాలర్లు. "ఇది పనిచెయ్యదు, తెలుసా?" అని ఆయన కొన్నవాడిని అడిగితే, "నేను పాడైన లేజర్ పాయింటర్లే సేకరిస్తాను" అన్నాడట అవతలివాడు.

ఈ అబద్ధం గురించి ఎందుకు చెప్తున్నానంటే, దానివల్ల నష్టం మనకే. ఇలాంటి కథలు వినీ వినీ, మన హాస్టల్ రూముల్లో పిల్లలు ఏమనుకుంటున్నారు? ఐడియా అంటే పైనుంచి పడే మెరుపు అని. ఆ మెరుపు నాకు పడలేదు కాబట్టి నేను దీనికి పనికిరాను అని. ఇంకొందరు ఒక రాత్రి ఏదో తట్టగానే అదే మెరుపు అనుకుని, ఎవ్వరినీ ఒక్క మాట కూడా అడక్కుండా, ఇంట్లో వాళ్ళు దాచిన డబ్బు తీసుకెళ్ళి యాప్ చేయించడానికి పోస్తున్నారు. ఒకరిది నిరాశ, ఇంకొకరిది నష్టం. రెండింటి వెనకా ఉన్నది అదే మెరుపు కథ.

సరే, ఇప్పుడు నిజం కథల్లోకి వెళ్దాం.

బ్లాక్‌బోర్డు మీద ఒక తప్పు

మీరు ఫోన్‌లో ఎక్సెల్ షీటో, గూగుల్ షీటో ఎప్పుడో ఒకసారి ఓపెన్ చేసే ఉంటారు. వాటికి తాతలాంటిది విజీక్యాల్క్. పర్సనల్ కంప్యూటర్ల మీద వచ్చిన మొదటి స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం అది.

1978 వసంతకాలం. అమెరికాలో హార్వర్డ్ బిజినెస్ స్కూల్. డాన్ బ్రిక్లిన్ అనే కుర్రాడు అక్కడ ఎంబీఏ చదువుతున్నాడు. అంతకుముందు డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంప్యూటర్ కంపెనీలో వర్డ్ ప్రాసెసింగ్ మీద పనిచేసి వచ్చాడు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, తర్వాత కావాలి.

క్లాసులో ప్రొఫెసర్ బోర్డు మీద పెద్ద పట్టిక గీశారు. అడ్డంగా గళ్ళు, నిలువుగా గళ్ళు, వాటి నిండా లెక్కలు. మధ్యలో ఒక అంకె మార్చాల్సి వచ్చింది. ఒక్క అంకె మారితే దాని మీద ఆధారపడ్డ గళ్ళన్నీ మారాలి కదా? ఆయన డస్టర్ తీసుకుని ఒక గడి తుడవడం, మళ్ళీ లెక్క కట్టడం, రాయడం, పక్క గడి తుడవడం... ఇలా సాగింది. మన కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో పైన ఒక లెక్క తప్పితే కింద టోటళ్ళన్నీ కొట్టేసి మళ్ళీ రాస్తారు చూడండి, అదే బాధ.

ఆ క్లాసులో చాలామంది విద్యార్థులు ఉన్నారు. అందరూ ఆ తుడవడం చూశారు. అంతకుముందు ఎన్నో బ్యాచ్‌లు కూడా చూసే ఉంటాయి. కానీ బ్రిక్లిన్‌కి ఇంకొకటి కూడా తెలుసు. వర్డ్ ప్రాసెసర్‌లో ఒక వాక్యం మారిస్తే మిగతా పేజీ తనంతట తానే సర్దుకుంటుంది. అక్షరాలకు సాధ్యమైంది అంకెలకు ఎందుకు కాకూడదు? ఒక గడిలో అంకె మారిస్తే, మిగతా గళ్ళు వాటంతట అవే మారిపోతే?

చూశారా? పాత ఉద్యోగంలో నేర్చుకున్న ఒక సంగతి, కొత్త చోట చూసిన ఒక ఇబ్బంది, రెండూ కలిశాయి. ఆ ఉద్యోగం చెయ్యకుండా అదే క్లాసులో కూర్చుని ఉంటే ఆయనకీ ఏమీ తట్టకపోయేదేమో.

ఆ తర్వాత ఆయన దాన్ని రహస్యంగా దాచుకోలేదు. ప్రొఫెసర్లకు చెప్పాడు. కొందరు బాగుందన్నారు. ఫైనాన్స్ ప్రొఫెసర్ మాత్రం నీరుగార్చారు, కాకపోతే డాన్ ఫిల్‌స్ట్రా అనే తన పాత విద్యార్థిని కలవమన్నారు. ఆ ఫిల్‌స్ట్రానే తర్వాత విజీక్యాల్క్‌ని అమ్మిపెట్టాడు! నిరుత్సాహపరిచిన మనిషి దగ్గరే అసలు దారి దొరికింది. అసలు నోరు విప్పకపోతే ఆ దారి దొరికేదా?

బ్రిక్లిన్ స్నేహితుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్ కోడ్ రాశాడు. అద్దెకు తీసుకున్న కంప్యూటర్ టైమ్ రాత్రిపూట చవక కాబట్టి రాత్రులు మేలుకుని రాశాడు. 1979లో యాపిల్ టూ కంప్యూటర్ కోసం, దాదాపు 100 డాలర్ల ధరకు అది మార్కెట్లోకి వచ్చింది. ఈ ఒక్క ప్రోగ్రాం కోసమే వేల డాలర్లు పోసి కంప్యూటర్ కొన్నవాళ్ళు ఉన్నారు. అప్పటిదాకా సరదా పెట్టెలా కనిపించిన కంప్యూటర్ ఆఫీసు టేబుల్ మీదకి ఎక్కిందంటే, అందులో దీని పాత్ర చాలా పెద్దది.

దీపావళికి దొరకని బస్సు

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2005 దీపావళి. బెంగళూరులో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో పనిచేస్తున్న ఒక తెలుగు ఇంజనీరు, ఫణీంద్ర సామ. పండగకి హైదరాబాద్ వైపు వెళ్ళాలి. ట్రావెల్ ఏజెంట్ల చుట్టూ తిరిగాడు. ఎక్కడా టికెట్ లేదు. పండగ రూములోనే గడిచింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆ రాత్రి బెంగళూరులో టికెట్ దొరకని తెలుగువాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారు? పండగ సీజన్‌లో బస్ దొరక్క తిట్టుకోవడం మనకి కొత్తేం కాదు. అందరూ తిట్టుకున్నారు, మర్నాడు ఆఫీసుకి వెళ్ళారు, మర్చిపోయారు. బాధ అందరిదీ ఒకటే. కాబట్టి ఫణీంద్రకి "బాధ వచ్చింది కాబట్టి ఐడియా వచ్చింది" అంటే ఆ మాట సరిపోదు.

ఆయన చేసిన తేడా పని ఒకటుంది. తర్వాత మళ్ళీ ఏజెంట్ దగ్గరికి, బస్ ఆపరేటర్ల దగ్గరికి వెళ్ళి, "అసలు ఈ టికెట్ వ్యవహారం ఎలా నడుస్తుంది?" అని అడిగాడు. అడిగితే బయటపడిన సంగతి ఇది. ఆపరేటర్ దగ్గర ఒక కాగితం మీద సీట్ల చార్టు ఉంటుంది. ఏజెంట్ ఫోన్ చేసి "రెండు సీట్లున్నాయా?" అంటాడు. ఉంటే పెన్నుతో గడిలో పేరు రాస్తారు. ఒక్కో ఏజెంటుకి కొంతమంది ఆపరేటర్లతోనే పరిచయం. పండగ రోజు ఆ ఫోన్లు కలవవు. అంటే ఏజెంట్ "టికెట్ లేదు" అన్నాడంటే దానికి అర్థం "సీటు లేదు" అని కాదు. "ఎక్కడుందో నాకు తెలియదు" అని! ఒక పక్క మనిషి బస్ లేదని వెనక్కి వెళ్ళిపోతుంటే, ఇంకో పక్క ఖాళీ సీటుతో బస్ వెళ్ళిపోయే అవకాశం ఉంది.

అసలు సమస్య బస్సుల కొరత ఒక్కటే కాదు, సమాచారం ఒక చోట లేకపోవడం కూడా. దీపావళి రాత్రి రూములో కూర్చుని ఎంత ఆలోచించినా ఈ సంగతి తట్టదు. కౌంటర్ ముందు నిలబడి అడిగితేనే తెలుస్తుంది.

ఆయనా, బిట్స్ పిలానీలో చదువుకున్న స్నేహితులు చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరి కలిసి సాఫ్ట్‌వేర్ రాయడం మొదలుపెట్టారు. ముగ్గురూ ఎలక్ట్రానిక్స్ వైపు వాళ్ళు, ప్రోగ్రామింగ్ పుస్తకాలు కొనుక్కుని నేర్చుకున్నారు. మొదటి ప్లాన్ ఏంటంటే, ఆ సాఫ్ట్‌వేర్‌ని ఆపరేటర్లకి ఇచ్చేయడం. తీరా తీసుకెళ్తే వాళ్ళు వద్దన్నారు. ఫ్రీగా ఇస్తామన్నా వద్దన్నారు! వాళ్ళ వైపు నుంచి ఆలోచిస్తే అందులో తప్పేముంది? పెన్ను, కాగితం, ఫోన్‌తో వ్యాపారం నడుస్తోంది. వాళ్ళకి కావాల్సింది సాఫ్ట్‌వేర్ కాదు, నిండిన సీట్లు.

అది అర్థమయ్యాక ప్లాన్ మారింది. "మీకు సాఫ్ట్‌వేర్ వద్దా? సరే, కొన్ని సీట్లు మాకివ్వండి, మేం అమ్మిపెడతాం" అన్నారు. 2006లో రెడ్‌బస్ అలా మొదలైంది. ఐటీ ఆఫీసుల బయట నిలబడి కార్డులు పంచారు. సీట్లు అమ్ముడుపోయాయి, నమ్మకం పెరిగింది. ఆ తర్వాత ఆపరేటర్ల కోసం వీళ్ళు తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌ని ఎందరో ఆపరేటర్లు వాడారు. మొదట వద్దన్న వస్తువే, సరైన వరసలో వెళ్తే తీసుకున్నారు. 2013లో రెడ్‌బస్‌ని ఐబిబో గ్రూప్ కొనేసింది. 2018లో ఫణీంద్ర తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నొవేషన్ ఆఫీసర్ అయ్యారు.

"పండగకి టికెట్ దొరకలేదు, కంపెనీ పెట్టాడు" అని ఒక్క లైన్‌లో చెప్తే ఇది కూడా పెజ్ బొమ్మల కథలాగే ఉంటుంది. ఆ లైన్‌లో ఎగిరిపోయేది మధ్యలోని అడగడం, తిరగడం, వద్దనిపించుకోవడం. అసలు పాఠమంతా అక్కడే ఉంది.

జనం వేరేలా వాడారు

ఇప్పుడు కెన్యా. మనం ఇక్కడ ఫోన్ పేలు, గూగుల్ పేలు వాడడానికి చాలా ఏళ్ళ ముందే, అక్కడ బటన్ ఫోన్ల మీద డబ్బు పంపుకునేవాళ్ళు. దాని పేరు ఎం-పెసా. పెసా అంటే స్వాహిలీలో డబ్బు. మన పైసా చుట్టంలా ఉంది కదూ?

దాన్ని ప్లాన్ చేసింది మాత్రం డబ్బు పంపుకోవడం కోసం కాదు. వొడాఫోన్, బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో, చిన్న అప్పులు తీసుకునే వాళ్ళు వాయిదాలు ఫోన్‌లో కట్టుకునేలా ఒక ఏర్పాటు అనుకుంది. మన డ్వాక్రా గ్రూపుల్లో వాయిదాలు కడతారే, అలాంటి అప్పులు. 2005లో నైరోబీ, తికా ప్రాంతాల్లో కొన్ని వందల మందితో ట్రయల్ మొదలైంది.

ట్రయల్‌లో జనం ఏం చేశారంటే, వాయిదాలు పక్కన పెడితే, ఊళ్ళో ఉన్న ఇంటివాళ్ళకి డబ్బు పంపారు. చిన్న వ్యాపారులు ఒకరికొకరు చెల్లించుకున్నారు. దూర ప్రయాణంలో డబ్బు జేబులో ఉంటే దొంగల భయం కదా, బయల్దేరే ముందు ఫోన్‌లో వేసుకుని, చేరాక తీసుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఆ టీమ్ చేసిన మంచి పని ఏంటంటే, "మీరు తప్పుగా వాడుతున్నారు" అని జనాన్ని సరిదిద్దలేదు. తమ ప్లాన్‌నే సరిదిద్దుకున్నారు. 2007 మార్చిలో సఫారీకామ్ దాన్ని దేశమంతా తెచ్చినప్పుడు, అప్పుల వాయిదాల మాట పక్కకి పోయింది. "ఇంటికి డబ్బు పంపండి" అన్నదే ప్రచారం. పట్నంలో కూలి చేసుకునే కొడుకు ఊళ్ళో అమ్మకి పంపే డబ్బు, బస్ డ్రైవర్ చేతిలో పెట్టి పంపాల్సిన అవసరం తప్పింది. అంతకంటే పెద్ద ఐడియా ఏముంటుంది చెప్పండి? దాన్ని కనిపెట్టింది ఇంజనీర్లకంటే ముందు, వాడిన జనం.

ఇలాంటిదే ఇంకొకటి, క్లుప్తంగా. స్టీవర్ట్ బటర్‌ఫీల్డ్ టీమ్ గ్లిచ్ అనే ఆన్‌లైన్ గేమ్ తయారుచేసింది. ఆట నిలబడలేదు, 2012 చివర్లో మూసేశారు. అయితే ఆ ఆట తయారుచేస్తున్నప్పుడు వేరువేరు ఊళ్ళలో ఉన్న టీమ్ మాట్లాడుకోవడానికి ఒక చాట్ టూల్ తమ కోసం తామే చేసుకున్నారు. ఆట పోయింది, టూల్ మిగిలింది. అదే స్లాక్. 2021లో సేల్స్‌ఫోర్స్ చేతికి వెళ్ళేటప్పుడు దాని డీల్ విలువ సుమారు 27.7 బిలియన్ డాలర్లు. అమ్ముదామనుకున్నది పోయి, పని జరగడానికి చేసుకున్నది నిలిచింది.

మెరుపు ఉంది, డబ్బు ఉంది, మనుషులు లేరు

మరి రివర్స్ కేసు కూడా చూడాలి కదా. 2011లో కలర్ అనే ఫొటో యాప్ వచ్చింది. విడుదలకు ముందే 41 మిలియన్ డాలర్ల పెట్టుబడి. ఐడియా వినడానికి అదిరిపోతుంది. మీ చుట్టుపక్కల ఉన్నవాళ్ళు తీసే ఫొటోలన్నీ మీ ఫోన్‌లో కనిపిస్తాయి. కానీ యాప్ వేసుకున్న మనిషి ఓపెన్ చేస్తే చుట్టుపక్కల దాన్ని వాడేవాళ్ళు ఎవరూ లేరు. ఖాళీ స్క్రీన్. రెండేళ్ళు తిరక్కుండానే మూతపడింది. డబ్బుకి కొరత లేదు, తెలివికి కొరత లేదు. "ఈ పని ఇప్పుడు ఎవరు, ఎలా చేసుకుంటున్నారు?" అన్న ప్రశ్నకి జవాబే లేదు.

ప్రతి ఐడియా కంపెనీ కానక్కర్లేదు

ఇది నాకు చాలా ఇష్టమైన ముక్క. 1990ల మొదట్లో అమెరికాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకి ఒక వెలితి ఉండేది. ఇంటర్నెట్‌లో మాట్లాడుకుంటున్నారు, కానీ స్క్రీన్ మీద తెలుగు రాయడానికి దారి లేదు. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో ఉన్న తెలుగు కుర్రాళ్ళు ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగుని తేడా రాకుండా రాసే ఒక పద్ధతి తయారుచేశారు. దాన్నే ఆర్‌టీఎస్ అంటారు. తర్వాత 2006లో వీవెన్ అనే తెలుగు అభిమాని లేఖిని అనే వెబ్ టూల్ చేశారు. ఒక పక్క ఇంగ్లిష్ అక్షరాలు కొడుతుంటే పక్కనే తెలుగు వచ్చేస్తుంది. తెలుగు బ్లాగులు, తెలుగు వికీపీడియా రాసిన చాలామంది మొదటి అక్షరాలు దిద్దింది లేఖినిలోనే.

దీన్ని ఎవరూ కోట్లకి కొనలేదు. అయినా సరే, మీరు ఈ ట్రాన్‌స్క్రిప్ట్‌ని స్క్రీన్ మీద తెలుగులో చదువుతున్నారంటే, తెలుగు ఇక్కడిదాకా రావడంలో అలాంటి చేతులు ఎన్నో ఉన్నాయి. మీ ప్రాజెక్ట్ విలువని ఎప్పుడూ వాల్యుయేషన్‌తోనే కొలవొద్దు.

మరి ఐడియా కొట్టేస్తే?

ఆ భయం పూర్తిగా ఉత్తదని నేను అనను. విజీక్యాల్క్‌కి పేటెంట్ లేదు. అప్పట్లో అమెరికాలో సాఫ్ట్‌వేర్‌కి పేటెంట్ రావడం చాలా కష్టం. 1983లో లోటస్ 1-2-3 వచ్చి మార్కెట్ లాగేసుకుంది. 1985లో బ్రిక్లిన్ కంపెనీని లోటసే కొనేసింది.

అయితే ఎప్పుడు జరిగిందో చూడండి. క్లాసులో ప్రొఫెసర్లకి చెప్పినప్పుడు ఎవరూ కొట్టెయ్యలేదు. లక్షల కాపీలు అమ్ముడుపోయి, ఇది పనికొస్తుందని లోకమంతా చూశాక వేరేవాళ్ళు వచ్చారు. అది కూడా కాపీ కొట్టి ఊరుకోలేదు. కొత్తగా వచ్చిన ఐబీఎం పీసీ మీద మరింత వేగంగా, గ్రాఫులతో సహా చేసి గెలిచారు. ఐడియాకి ప్రమాదం ఉన్నది గెలిచాక, అదీ మీరు ఆగిపోతే. మొదలవ్వక ముందు ఉన్న ప్రమాదం వేరు. ఎవరికీ చెప్పకపోవడం వల్ల, అది తప్పని చెప్పేవాళ్ళు కూడా లేకపోవడం.

ఇక మీ వంతు

ఈ కథలన్నిటిలో ఒకే పని మళ్ళీ మళ్ళీ కనిపించింది. ఎవరో ఒకరు, ఒక పని ఎలా జరుగుతోందో దగ్గరుండి చూశారు, అడిగారు, తమకి అప్పటికే తెలిసినదానితో జోడించారు. కాబట్టి "ఏ యాప్ చెయ్యాలి?" అని సీలింగ్ వైపు చూడకండి. మీ ఊళ్ళో ఇప్పటికీ పుస్తకంలో రాసి, పది ఫోన్లు చేసి, వాట్సాప్ గ్రూపులో అరిచి నడిపిస్తున్న పనులు ఏమున్నాయో చూడండి. ఫంక్షన్ హాల్ బుకింగ్ డైరీ ఎలా నడుస్తోంది? కోతల సీజన్‌లో వరికోత మిషన్ ఎవరి పొలానికి ఎప్పుడు వెళ్ళాలో ఎవరు తేలుస్తున్నారు? వాటర్ క్యాన్ల లెక్క ఎవరు రాస్తున్నారు? వీటిలో కంపెనీ ఉందని నేను గ్యారంటీ ఇవ్వను. ఒకవేళ ఉంటే, అది ఆ డైరీ రాసే మనిషి పక్కన ఒక పూట కూర్చుంటేనే కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇలా చూసి, అడిగి మొదలుపెట్టినవాళ్ళు అందరూ గెలవలేదు. గెలిచినవాళ్ళ పేర్లే మనదాకా వచ్చాయి. అందుకే ఉద్యోగం మానెయ్యడం, అప్పు తేవడం అనేవి చివరి మెట్లు. అడగడానికి మాత్రం పైసా ఖర్చు లేదు. ఆపరేటర్ "ఫ్రీగా ఇచ్చినా వద్దు" అన్నాడే, ఆ మాట యాప్‌కి లక్షలు పెట్టాక వినడం కంటే ముందే వినడం మంచిది కదా?

కామెంట్స్‌లో మీ ఐడియా రాయక్కర్లేదు. ఈ వారం మీరు ఎవరి పక్కన కూర్చుని, ఏ పని ఎలా జరుగుతుందో చూశారో అది రాయండి. బాగున్నవి వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను. ఉంటాను, నమస్తే.